సింగపూర్ నుంచి వారాంతపు ప్రయాణం: శ్రీమతి నలభయ్యో పుట్టినరోజుకు ఎక్కడికి వెళ్లాలి?

పుంగోల్ పథికుడు (సోమవారం, రాత్రి 9:40)

సభ్యులందరికీ నమస్కారం. నవంబరు చివరి శనివారం నాటికి నా శ్రీమతికి నలభై ఏళ్లు నిండుతాయి. మేము సింగపూర్ వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగు పుట్టినరోజులూ ఒకే మూసలో గడిచాయి: పొద్దున్నే సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ గుడి, మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో భోజనం, సాయంత్రం ఇంట్లో కేకు. ఈసారి ఆమెకు ముందుగా చెప్పకుండా శుక్రవారం సాయంత్రం ఎక్కడికైనా సముద్రతీరానికి తీసుకువెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలని నా ఆలోచన. ఇండొనేసియాలోని బింతాన్ ద్వీపం నా మనసులో ఉంది. మొత్తం ఖర్చు 1,200 డాలర్లు దాటకూడదు.

బయలుదేరేది నలుగురం. నాకు ఎంప్లాయ్‌మెంట్ పాస్, శ్రీమతికీ ఆరేళ్ల పాపకూ డిపెండెంట్ పాస్‌లు ఉన్నాయి. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు ప్రస్తుతం మా దగ్గరే ఉన్నారు. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. శనివారం ఒంటిపూట భోజనం చేస్తారు, అందులో ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. పైగా అది కార్తీక శనివారం. అందరివీ భారతీయ పాస్‌పోర్టులే. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

కెరటం (సోమవారం, రాత్రి 10:25)

నేను బింతాన్‌కు ఐదు పర్యాయాలు వెళ్లాను, ఆ ద్వీపమంటే నాకు ఇష్టం కూడా. అయినా మీరు చెప్పిన తేదీకి దానిని సిఫారసు చేయలేను. తానా మేరా ఫెర్రీ టెర్మినల్ నుంచి ఉత్తర తీరంలోని లాగోయ్ రిసార్టుల రేవుకు గంట ప్రయాణమే. కానీ ఆ ఉత్తర తీరం దక్షిణ చైనా సముద్రానికి ఎదురుగా ఉంటుంది. నవంబరు చివర మొదలయ్యే ఈశాన్య రుతుపవనాలు నేరుగా దానినే తాకుతాయి. అలలు ఎత్తుగా ఉన్న రోజులలో రిసార్టుల వారు ఎర్రజెండా పాతి ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వరు. వానలో గది కిటికీ నుంచి సముద్రాన్ని చూడడం కోసం అంత డబ్బు పెట్టాలా అన్నది మీరే ఆలోచించండి.

ఇక వీసా సంగతి. భారతీయులకు ఇండొనేసియాలో రేవులోనే వీసా ఇస్తారు, తలకు 5 లక్షల రుపియాలు. ఆరేళ్ల పాపకు మినహాయింపు లేదు. నలుగురికి కలిపి 20 లక్షలు అవుతుంది. (మొదటిసారి రసీదు చూసి నా గుండె ఆగినంత పనయింది. భయపడకండి, మనిషికి సుమారు 40 సింగపూర్ డాలర్లే.) అంటే గది మాట ఎత్తకముందే మీ 1,200లో 160 పోయినట్లే.

మరో చిన్న హెచ్చరిక. బింతాన్ గడియారం సింగపూర్ కంటే గంట వెనుక నడుస్తుంది. ఒకసారి మా కుటుంబంలో ఇద్దరి ఫోన్లు అక్కడి సమయానికి మారాయి, నాది మారలేదు. ఎవరి ఫోను సరైనదో వాదించుకుంటూ ఉండగానే తిరుగు ఫెర్రీ వెళ్లిపోయింది.

ఏ కాలంలోనైనా వెళ్లదగినది ఆ ద్వీపపు దక్షిణ భాగం. తాంజుంగ్ పినాంగ్ పట్టణం నుంచి చిన్న పడవలో పావుగంట వెళితే పెన్యెంగాత్ అనే లంక వస్తుంది. అక్కడి పసుపుపచ్చని మసీదును 19వ శతాబ్దపు తొలి భాగంలో కట్టినప్పుడు సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన కలిపారని చెబుతారు. మలయ్ సాహిత్యంలో పెద్దపేరైన రాజా అలీ హాజీ నివసించిన చోటు కూడా అదే. కానీ అది మీ అత్తగారి మోకాళ్లకూ, ఈ రెండు రోజుల వ్యవధికీ సరిపడే ప్రయాణం కాదు.

జురాంగ్ సోమయాజి (మంగళవారం, ఉదయం 7:10)

ఎక్కడికి వెళ్లాలన్నది తరువాత చూద్దాం. ముందు మీ అత్తగారి సింగపూర్ వీసా ఒకసారి ప్రవేశానికా, అనేకసార్లు ప్రవేశానికా? అది ఏక ప్రవేశ వీసా అయితే ఆవిడ మలేషియాలో గాని, ఇండొనేసియాలో గాని అడుగు పెట్టిన తరువాత తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఈ సంగతిని సరిహద్దు అవతలి మలేషియా ఊరైన జొహోర్ బారులో భోజనం చేస్తూ గుర్తించింది.

పుంగోల్ పథికుడు (మంగళవారం, ఉదయం 8:02)

సోమయాజి గారూ, ధన్యవాదాలు. ఇప్పుడే చూశాను, అనేక ప్రవేశాల వీసాయే. అయితే విమానాశ్రయంలో ఇచ్చిన 30 రోజుల గడువు డిసెంబరు 3తో ముగుస్తుంది. ఆవిడ తిరుగు విమానం డిసెంబరు 2న. మధ్యలో సరిహద్దు దాటితే ఆ గడువు ఏమవుతుంది?

జురాంగ్ సోమయాజి (మంగళవారం, ఉదయం 8:30)

ఆవిడ సింగపూర్ దాటిన క్షణంలోనే పాత గడువు ముగిసిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు ఎన్ని రోజులు ఇవ్వాలన్నది అక్కడి అధికారి నిర్ణయం. మళ్లీ 30 రోజులు వస్తాయన్న హామీ ఏదీ లేదు. గడువు పెంచుకోవడానికే సరిహద్దు దాటి వచ్చారన్న అనుమానం కలిగితే ప్రశ్నలు అడుగుతారు. మీ విషయంలో ఆవిడకు మూడు రోజులు చాలు కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. తిరుగు విమానం టిక్కెట్టు కాగితంపై ముద్రించి ఆవిడ చేతిసంచిలోనే పెట్టండి. మీ ఫోనులో ఉంటే చాలదు. వరుసలో మీరు ముందుకు వెళ్లిపోతే ఆవిడ ఒంటరిగా నిలబడవలసి వస్తుంది.

ఇదే సందర్భంలో పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్న సభ్యులకు ఒక మాట: రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి ప్రవేశించే అనుమతి) గడువు చూసుకోకుండా ఒక్కపూటకైనా దేశం దాటకండి. ఆ పర్మిట్ లేకుండా బయట ఉంటే పీఆర్ హోదాకే ముప్పు.

తుమ్మెద (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

పథికుడు గారూ, మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు గాని, విదేశంలో ఉంటూ భార్యకు తెలియకుండా ఆమెను మరో దేశానికి తీసుకువెళ్లడం ఎలాగో నాకు అర్థం కావడం లేదు. ఆమె పాస్‌పోర్టు సొరుగులో నుంచి తీస్తారు, ఆమె తరఫున ఆగమన పత్రం నింపుతారు, ఆమె బట్టలు మీరే సర్దుతారు. మీరు ఏ చీర సర్దుతారో, దానికి ఏ జాకెట్టు పెడతారో నేను ఊహించగలను. శుక్రవారం సాయంత్రం పాప బడి సంచి మోసుకుంటూ ఇంటికి చేరేసరికి "పద, ఫెర్రీ ఉంది" అంటే ఆమె సంతోషిస్తుందా, లేక ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు గిన్నె సంగతి ఆలోచిస్తుందా?

ఒక ప్రశ్న అడుగుతాను, నిజాయతీగా చెప్పండి. సముద్రతీరం ఆమె కోరికా, మీ కోరికా?

ఉడ్‌లాండ్స్ వాసి (మంగళవారం, రాత్రి 9:05)

తొమ్మిదేళ్లుగా నా ఇంటి బాల్కనీ నుంచి, సింగపూర్‌ను జొహోర్ బారుతో కలిపే కాజ్‌వేపై వాహనాల బారును చూస్తున్నవాడిని కాబట్టి ఆ ఒక్క విషయంలో మాత్రం అధికారంతో మాట్లాడతాను. శుక్రవారం సాయంత్రం బయలుదేరవద్దు. 1924లో ప్రారంభమైన ఆ కట్ట పొడవు సుమారు ఒక్క కిలోమీటరు. నడిస్తే పావుగంట. బడి సెలవులు మొదలైన తరువాతి శుక్రవారం సాయంత్రం అదే దూరానికి మూడు గంటలు పట్టడం నేను చూశాను. పైగా 2025 జనవరి 1 నుంచి జొహోర్ రాష్ట్రం తన వారాంతపు సెలవును శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చుకుంది. దానితో రెండు వైపుల సెలవులూ ఒకే రోజున పడుతున్నాయి.

నా సలహా ఏమిటంటే, శుక్రవారం సెలవు పెట్టి తెల్లవారుజామున బయలుదేరండి. పడమటి వైపు వెళ్లేవారికి తువాస్ దగ్గర 1998లో తెరచిన రెండో వంతెన, సెకండ్ లింక్, మేలు. పుంగోల్ నుంచి చుట్టే అయినా సాధారణంగా రద్దీ తక్కువ. జొహోర్ బారు వరకే అయితే ఉడ్‌లాండ్స్ నుంచి ఐదు నిమిషాలలో చేర్చే షటిల్ రైలు ఉంది గాని, సెలవుల వారాంతానికి ఆ టిక్కెట్లు అమ్మకం మొదలైన రోజునే అయిపోతాయి.

బస్సులో వెళితే సింగపూర్ చెక్‌పాయింట్ దగ్గర ఒకసారి, మలేషియా వైపు మరొకసారి దిగి ఎక్కాలి. మలేషియా వైపు సామాను మొత్తం మోసుకుని తనిఖీకి వెళ్లాలి. మీ అత్తగారి దృష్ట్యా చక్రాల పెట్టె ఒక్కటే పెట్టుకోండి. సింగపూర్ వైపు పాస్‌పోర్టు చూపకుండా ఫోనులో క్యూఆర్ సంకేతంతో దాటే సౌకర్యం 2024 మార్చి నుంచి ఉంది, కుటుంబమంతటికీ ఒకే సంకేతం తీసుకోవచ్చు. అంతమాత్రాన పాస్‌పోర్టులు ఇంట్లో వదిలి రాకూడదు. నవ్వకండి, వదిలి వచ్చినవారు ఉన్నారు.

భారతీయులకు మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా మినహాయించింది, దానిని 2026 చివరి వరకు పొడిగించారు. అయితే డిజిటల్ ఆగమన పత్రం మాత్రం తప్పనిసరి. అది ఉచితం. చేరే రోజుకు ముందు మూడు రోజుల లోపలే నింపాలి. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి.

సొంత కారున్న సభ్యుల కోసం రెండు ముక్కలు. సింగపూర్ దాటేటప్పుడు పెట్రోలు ట్యాంకు మూడు వంతులు నిండి ఉండాలి, లేకపోతే 500 డాలర్ల వరకు జరిమానా. మలేషియా వైపు వాహన ప్రవేశ అనుమతి లేకపోతే 2025 జూలై నుంచి 300 రింగిట్లు వసూలు చేస్తున్నారు. కారు లేనివారు వాట్సాప్‌లో దొరికే అనుమతి లేని అద్దె వాహనాలను ఎక్కకండి. అధికారులు వాటిని పట్టుకున్న రోజున మీ ప్రయాణం చెక్‌పాయింట్ దగ్గరే ముగుస్తుంది.

పాతరేవు (బుధవారం, ఉదయం 6:50)

పై మాటలన్నీ చదివాక నాకు తోచిన ఊరు మలేషియాలోని మలక్కా. సింగపూర్ నుంచి దాదాపు 240 కిలోమీటర్లు, సరిహద్దు కలిసివస్తే నాలుగు గంటలు. సముద్రతీరం కోసం వెళ్లేవారికి అక్కడ ఏమీ లేదు. కానీ వాన పడినా చెడిపోని ప్రయాణం అది. ఎందుకంటే చూడవలసినవన్నీ పైకప్పు కింద, ఒకదానికొకటి నడక దూరంలో ఉంటాయి.

పోర్చుగీసువారు 1511లో ఆ ఊరిని ఆక్రమించారు, 1641లో డచ్చివారు వారిని వెళ్లగొట్టారు, 1824 ఒప్పందంతో ఆంగ్లేయులకు దక్కింది. మూడు జాతుల గుర్తులూ ఒకే చిన్న గుట్ట చుట్టూ ఉన్నాయి. పోర్చుగీసు కోటలో నేడు ఒక్క ద్వారమే నిలిచి ఉంది. ఆంగ్లేయులు కోటను కూల్చివేస్తున్నప్పుడు, తరువాత 1819లో సింగపూర్‌ను స్థాపించిన రాఫిల్స్ కలగజేసుకోవడం వల్ల అది మిగిలింది. డచ్చివారి ఎర్రని చర్చి 1753లో పూర్తయింది. గుట్ట మీది శిథిలమైన చర్చికి మెట్లు ఎక్కాలి కాబట్టి మీ అత్తగారిని కిందనే కూర్చోబెట్టండి.

ఆవిడకు నచ్చేది నది అవతల ఉన్న వీధి. 1781లో కట్టిన వినాయకుడి గుడి, దానికి కాస్త దూరంలో 18వ శతాబ్దపు మసీదు, మరికొంత ముందుకు వెళితే 17వ శతాబ్దపు చైనీయుల చెంగ్ హూన్ తెంగ్ ఆలయం, అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ వినాయకుడి గుడి మలక్కా చెట్టీలది. వారి పూర్వికులు సుల్తానుల కాలంలో వచ్చిన తమిళ వర్తకులు. ఈనాటి చెట్టీలు ఇంట్లో మలయ్ మాట్లాడతారు, స్త్రీలు మలయ్ వేషం ధరిస్తారు, కానీ పూజలూ నోములూ విడిచిపెట్టలేదు. నాలుగేళ్లకే పిల్లల తెలుగు ఏమైపోతుందోనని బెంగపడే మనం వారి వాడను ఒకసారి చూడాలి.

ఆ మసీదు పేరు కంపుంగ్ క్లింగ్. క్లింగ్ అన్నది కళింగ శబ్దం నుంచి వచ్చిందని పండితుల మాట. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాకు ఆ పలక ముందు నిలబడితే ఏదో చుట్టరికం తోచింది. కానీ ఈనాటి మలేషియాలో ఆ మాటను భారతీయులను కించపరచడానికి వాడతారు, కాబట్టి ఊరి పేరుగా తప్ప నోట పలకవద్దు.

శనివారపు భోజనం గురించి: చైనీయుల బౌద్ధ శాకాహార హోటళ్లను వెతకండి. మనలాగే వారికీ ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. కోడిగుడ్డు సంగతి మాత్రం అడిగి తెలుసుకోవాలి. చేప ఆకారంలోనో, బాతు ఆకారంలోనో సోయాతో చేసిన పదార్థాలు బల్లపైకి వస్తాయి. వాటి గురించి ఆవిడకు ముందే చెప్పి ఉంచండి.

వనవాసి (బుధవారం, మధ్యాహ్నం 12:40)

నా అభిప్రాయం వేరు. ఉన్న రెండు రోజులలో పదిగంటలు వరుసలలో నిలబడడానికి పుట్టినరోజు ఎందుకు? సింగపూర్‌లోనే ఉండండి. కార్తీకమాసం కాబట్టి శనివారం బొటానిక్ గార్డెన్స్‌లో వనభోజనం పెట్టుకోండి. చాప పరచుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినడానికి అక్కడ అభ్యంతరం లేదు. 1859లో ఏర్పడిన ఆ తోటను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మనవారు తెలుసుకోవలసిన విషయం మరొకటుంది. 1888లో ఆ తోటకు డైరెక్టరుగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా రబ్బరు పాలు తీసే పద్ధతిని అక్కడే రూపొందించాడు. ఆ పద్ధతితో మలయాలో రబ్బరు తోటలు పెరిగాయి. వాటిలో పనిచేయడానికి విశాఖపట్నం ప్రాంతం నుంచి ఓడలెక్కిన కూలీల మనుమలే నేటి మలేషియా తెలుగువారిలో చాలామంది. ఆదివారం చాంగీ రేవు నుంచి పడవలో పులావ్ ఉబిన్ అనే సింగపూర్ లంకకు వెళ్లండి. పన్నెండు మంది కాగానే పడవ కదులుతుంది, పాస్‌పోర్టుతో పని లేదు.

తుమ్మెద (బుధవారం, మధ్యాహ్నం 1:05)

వనవాసి గారూ, ఆ పులిహోర ఎవరు కలుపుతారు?

వనవాసి (బుధవారం, మధ్యాహ్నం 1:20)

ఆ కోణం నాకు తట్టలేదు. హోటల్ నుంచి తెప్పించవచ్చు. కానీ మీ ప్రశ్న న్యాయమైనదే.

నాలుగో ముద్ద (గురువారం, రాత్రి 10:15)

నమస్కారం. ఈ చర్చ మొదలుపెట్టిన వ్యక్తి భార్యను నేనే. సొరుగులో పాస్‌పోర్టులు తలకిందులుగా ఉండడం బుధవారమే గమనించాను. మా అమ్మ అయితే అల్లుడుగారు తన వీసా ఫొటో తీసుకున్న రోజునే నాకు చెప్పింది. మీ ఆయనకు తెలిసినట్లు కనిపించకు అని కూడా అన్నది. రెండు రోజులు కష్టపడ్డాను. ఈ పేజీని ఆయనే తన ట్యాబ్‌లో తెరచి వదిలేశారు. అందరి సలహాలూ చదివాను. ముఖ్యంగా తుమ్మెద గారి ప్రశ్న. సముద్రతీరం నా కోరిక కాదు.

నేను విశాఖపట్నంలో పదకొండేళ్లు బ్యాంకులో పనిచేసి, రాజీనామా చేసి ఇక్కడికి వచ్చాను. 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ ఉన్నవారు ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ సంపాదించాలి; రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఇది ఫిర్యాదు కాదు, ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయమే. అయినా నా గుర్తింపు కార్డు మీద నన్ను ఆధారపడినదానిగా రాసి ఉంటుంది, నా మీద ఆధారపడేవారికి మాత్రం కార్డులు ఉండవు. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు "టిఫిన్ ఏమిటి", "సాక్సు ఎక్కడ", "అమ్మ మందు వేసుకుందా" అని అడగని గంట ఒక్కటి ఉండదు.

నాకు కావలసింది ఇది. రెండు రాత్రులు నేను వండకూడదు, సర్దకూడదు. శనివారం పొద్దున్న నన్ను ఎవరూ లేపకూడదు. ఒక పూట నేను ఒక్కదాన్నే బయటికి వెళతాను, ఎక్కడికని అడగకూడదు. ఇవి కుదిరితే మలక్కా అయినా సరే, మన వీధి చివరి హోటల్ అయినా సరే. పాతరేవు గారు చెప్పిన వీధి చూడాలని ఉంది కాబట్టి మలక్కాకే నా ఓటు.

పుంగోల్ పథికుడు (గురువారం, రాత్రి 10:50)

నేను పక్క గదిలోనే ఉన్నాను. ఈ టపా ఇక్కడే చదివాను. మలక్కా ఖాయం. సామాను నేను సర్దుతాను, జాకెట్ల విషయంలో మాత్రం అత్తగారి సహాయం తీసుకుంటాను.

మరొక సందేహం. జొహోర్ బారులో బంగారం కొని బహుమతిగా ఇవ్వాలనుకుంటున్నాను (ఇక దాచేది ఏమీ లేదు కదా). దానివల్ల డబ్బు ఆదా అవుతుందా?

ఉడ్‌లాండ్స్ వాసి (గురువారం, రాత్రి 11:20)

కాదు. విదేశంలో కొన్న వస్తువులపై పర్యాటకులకు, పౌరులకు ఉన్న జీఎస్టీ మినహాయింపు ఎంప్లాయ్‌మెంట్ పాస్, డిపెండెంట్ పాస్ వంటివి ఉన్నవారికి వర్తించదు. కొన్న దానిని తిరుగు ప్రయాణంలో ప్రకటించి 9 శాతం చెల్లించాలి. ఇక్కడే కొనండి. కేకు కూడా ఇక్కడి నుంచి మోసుకుపోకండి. మేము ఒకసారి మూడు అంతస్తుల కేకుతో బయలుదేరి, చెక్‌పాయింట్ వరుసలో ఒకటిన్నర గంట నిలబడి, అవతలి వైపు ఒకే అంతస్తుతో తేలాము.

పాతరేవు (శుక్రవారం, ఉదయం 7:00)

గది తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. జోంకర్ వీధిలో శుక్ర, శని, ఆదివారాల సాయంత్రాలు రాత్రి సంత జరుగుతుంది. ఆ వీధిలోనే బస చేస్తే అర్ధరాత్రి వరకు పాటలు వినిపిస్తాయి. నిద్ర ముఖ్యమన్నారు కాబట్టి నది వెంట కాస్త ఎగువన, లిఫ్టు ఉన్న హోటల్ చూడండి. పాత ఇళ్లను మార్చి చేసిన బసలు అందంగా ఉంటాయి గాని, మెట్లు నిటారుగా ఉంటాయి.

పుంగోల్ పథికుడు (మూడు వారాల తరువాత, మంగళవారం, రాత్రి 9:30)

వాగ్దానం చేసినట్లు ప్రయాణ వివరాలు రాస్తున్నాను. శుక్రవారం ఉదయం ఆరింటి బస్సులో, సెకండ్ లింక్ మీదుగా వెళ్లాము. రెండు చెక్‌పాయింట్లకు కలిపి గంటా నలభై నిమిషాలు. పన్నెండున్నరకు మలక్కా చేరాము. అత్తగారు రెండుసార్లు దిగి ఎక్కడానికి ఇబ్బంది పడ్డారు. మలేషియా వైపు ఒక ఉద్యోగిని ఆవిడను చూసి పెద్దల వరుసలోకి పంపింది.

శనివారం ఉదయం మేము ముగ్గురం చప్పుడు చేయకుండా గది నుంచి బయటపడ్డాము. చెప్పులు వరండాలో వేసుకున్నాము. వినాయకుడి గుడిలో అత్తగారు కూతురి పేరు మీద అర్చన చేయించారు. గోత్రం చెప్పబోతే పూజారి నక్షత్రం అడిగారు. అది చెప్పాక, తిథి ప్రకారం అసలు పుట్టినరోజు ఎప్పుడో అయిపోయిందని ఆవిడకు గుర్తుకు వచ్చింది. చెట్టీల వాడకు కూడా వెళ్లాము. ఒక ఇంటి గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణాన్ని చూపిస్తూ పాప, "ఇక్కడ కూడా పండుగేనా?" అని అడిగింది. ఆ ఇంటి పెద్దావిడ మలయ్‌లో ఏదో అన్నది, మా అత్తగారు తెలుగులో ఏదో అన్నారు, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరికీ తెలియదు.

భోజనం దగ్గర పాతరేవు గారి హెచ్చరిక అక్షరాలా నిజమైంది. ముందే చెప్పినా సరే, సోయాతో చేసిన చేపకు కన్ను కూడా పెట్టి ఉండడం చూసి అత్తగారు కుర్చీ వెనక్కి జరిపారు. చివరికి తెల్ల అన్నం, ఆకుకూర, టోఫు తిన్నారు. "దీనికంటే మన కందాబచ్చలి నయం" అని తీర్పు ఇచ్చి, రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

శ్రీమతి తొమ్మిదిన్నరకు లేచిందట. పదింటికి బయటికి వెళ్లి ఒంటిగంటకు తిరిగి వచ్చింది. ఎక్కడికి వెళ్లిందో నేను అడగలేదు. అడగకుండా ఉండడానికి నేను పడిన శ్రమ ఆమెకు తెలుసు.

సాయంత్రం కోడిగుడ్డు లేని కేకు దొరకలేదు. కొబ్బరిపాలు, మంచుపొడి, కొబ్బరిచెట్టు నీరాతో చేసిన బెల్లం వేసి ఇచ్చే చెండోల్ గిన్నెలో పాప కొవ్వొత్తి గుచ్చింది. వెలిగించేలోపే అది వంగి బెల్లంలో పడింది. తరువాత రంగుదీపాలు, కాగితపు పూలు కట్టి, చెవులు పగిలేలా పాటలు పెట్టే మూడు చక్రాల రిక్షా ఎక్కాము. ముందే వద్దంటారేమో అనుకున్న అత్తగారు, కోనసీమ ప్రభల తీర్థంలో ప్రభ ఎక్కినట్లుందని మరో చుట్టు తిప్పమన్నారు.

ఆదివారం ఉదయం ఏడింటికి బయలుదేరినా సరిహద్దు దగ్గర రెండున్నర గంటలు పట్టింది. సోమయాజి గారూ, అత్తగారిని తిరుగు టిక్కెట్టు అడిగారు. ఆవిడ సంచిలో నుంచి కాగితం తీసి ఇచ్చి, అధికారికి నమస్కారం కూడా పెట్టారట. మొత్తం ఖర్చు 870 డాలర్లు. బంగారం సింగపూర్‌లోనే కొన్నాను, దానిని ఈ లెక్కలో కలపలేదు.

తుమ్మెద (మంగళవారం, రాత్రి 9:55)

చాలా సంతోషం. నాలుగో ముద్ద గారూ, ఆయన అడగకూడదు గాని మేము అడగవచ్చు కదా. ఆ మూడు గంటలు ఎక్కడికి వెళ్లారు?

నాలుగో ముద్ద (మంగళవారం, రాత్రి 10:30)

ఎక్కడికీ వెళ్లలేదు. ఫోను గదిలో వదిలేసి, నది ఒడ్డున ఒక కాఫీ కొట్టు ముందు కూర్చున్నాను. పడవలు వస్తూ పోతూ ఉన్నాయి. ఒకసారి చిన్న వాన కురిసింది, కుర్చీ లోపలికి జరుపుకున్నాను. బయలుదేరేటప్పుడు ఆయన దారిఖర్చులకని యాభై రింగిట్లు ఇచ్చారు. నలభై నాలుగు తిరిగి తెచ్చాను. రెండు కాఫీలు తాగాను, రెండూ వేడిగా ఉండగానే.